ముందు ఆ పిల్లవాడు బతికాడో లేదో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీవారి ముత్తాతకు ముత్తాత పేరు థామస్. ఇంగ్లండ్‌లో డార్సెట్ కౌంటీ, పిడిల్ నది లోయలో ఒక చిన్న పల్లె. వ్యవసాయ కూలీ. 1813లో పెళ్లయింది, 1858లో పోయాడు, పోయేనాటికి 70 ఏళ్లని డెత్ సర్టిఫికెట్‌లో ఉంది. ఆ ఊరి చర్చి రిజిస్టర్‌లో అదే పేరు, అదే ఇంటిపేరుతో ఇద్దరు పిల్లలకు బాప్తిస్మం ఇచ్చినట్టు మీకు కనిపించింది. 1787లో విలియం, ఆన్ దంపతుల కొడుకు ఒకడు. 1790లో జాన్, మేరీ దంపతుల కొడుకు ఇంకొకడు. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షం మొదటివాణ్ణి పట్టుకుని 1640 దాకా వెళ్లిపోయింది. అది నమ్మవచ్చా, నమ్మకూడదంటే మీరే ఎలా వెతుక్కోవాలి అని అడిగారు.

ఇప్పటికైతే నమ్మకండి. అది తప్పని నేను అనడం లేదు. 1787లో బాప్తిస్మం పొందిన ఆ పసివాడే పెరిగి పెద్దవాడై 1813లో పెళ్లి చేసుకున్నాడని అక్కడ ఎవరూ చూపించలేదు. పేరు కలిసింది, వయసు కలిసింది, అంతే. ఇంగ్లండ్ పల్లెల్లో అది చాలదు. జాన్, విలియం, థామస్, జేమ్స్, జార్జ్ అంటూ నాలుగైదు పేర్లే ఊరంతా తిరుగుతుంటాయి. ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ముల పిల్లలు అదే వీధిలో అవే పేర్లతో పెరుగుతుంటారు. నేను డార్సెట్‌లో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను. అందులో పదిహేనేళ్లుగా ఇక్కడి పాత రిజిస్టర్లు చదివి కంప్యూటర్‌లోకి ఎక్కించే వాలంటీర్లతో పనిచేస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ చెప్పే మాటే మీకూ చెప్తాను. బాప్తిస్మాల పుస్తకంలో మీ మనిషి దొరకగానే భూస్థాపనల పుస్తకం, అంటే పూడ్చిపెట్టినవాళ్ల పేర్లుండేది, తెరవండి. ఆ బిడ్డ బతికాడో లేదో చూశాకే ఇంకో మెట్టు ఎక్కండి.

ఇది నేను నేర్చుకున్న తీరు చెప్తాను. మా ఎదురింట్లో ఎనభై నాలుగేళ్ల పెద్దావిడ ఉండేవారు. ఆవిడ పూర్వీకుడు జేమ్స్. 1851 జనాభా లెక్కల్లో అతని వయసు 62, పుట్టింది ఈ ఊళ్లోనే అని ఉంది. రిజిస్టర్ చూస్తే 1789లో జేమ్స్ అని ఒక రైతు కొడుకు కనిపించాడు. సొంత భూమి ఉన్న కుటుంబం. వీలునామాలున్నాయి. ఒకదాన్నుంచి ఇంకొకదానికి తీగ లాగినట్టు 1612 దాకా వెళ్లిపోయాను. ఆవిడ కోసం ఒక పెద్ద చార్టు రాసి ఇస్తే ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకున్నారు. నాలుగేళ్ల తర్వాత అదే ఊరి భూస్థాపనల పేజీలు ఎక్కించే పని నాకొచ్చింది. 1790 జనవరి. ఆ నెలలో ఆరు పేర్లున్నాయి. ఒక పల్లెకు అది ఎక్కువే. నాలుగో వరుసలో జేమ్స్, ఫలానావారి కుమారుడు, పసివాడు అని ఉంది. తండ్రి పేరు, తల్లి పేరు రెండూ కలిశాయి. పక్కన సిరా మరక, దాని కింద ఇంకో పసిపిల్ల పేరు. ఆ వరుస మీద వేలు పెట్టి ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. నాలుగేళ్లపాటు నేను ఎక్కిన చెట్టు ఏడాదైనా నిండని ఒక బిడ్డది.

మళ్లీ మొదటికి వచ్చి చూస్తే, 1861 జనాభా లెక్కల్లో ఈ జేమ్స్ పుట్టిన ఊరి గడిలో పక్క ఊరి పేరుంది. నేను దాన్ని మొదట్లోనే చూశాను, రాసినవాడి పొరపాటనుకుని వదిలేశాను. ఆ పక్క ఊరి రిజిస్టర్‌లో 1788లో జేమ్స్ ఉన్నాడు. తల్లి పేరు ఒక్కటే ఉంది, తండ్రి పేరు లేదు. పెళ్లి కాని తల్లి, ఆమె ఇంటిపేరే బిడ్డకు వచ్చింది. ఆవిడకు ఈ సంగతి చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది. విన్నాక ఆవిడ అడిగింది ఒక్కటే, ఆ తల్లి పేరేమిటని. చెప్తే కరెంటు బిల్లు కవరు వెనక రాసుకుని, చార్టు ఉన్న గోడ దగ్గరికి వెళ్లి ఆ కవరును ఫ్రేమ్ మూలన దోపుకున్నారు.

పసిపిల్లల చావులు ఆ రోజుల్లో చాలా ఎక్కువ. పోయిన బిడ్డ పేరునే తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టడం మామూలు. మన దగ్గర పిల్లలు దక్కకపోతే మృత్యువు కన్ను పడకూడదని పెంటయ్య అనో పుల్లయ్య అనో పేరు పెట్టేవారు. వాళ్లు పోయినవాడి పేరునే మళ్లీ నిలబెట్టేవారు. అందుకే ఒకే దంపతులకు రెండేళ్ల తేడాతో ఇద్దరు థామస్‌లు కనిపిస్తే మొదటివాడు దాదాపుగా పోయాడనే అర్థం. మీ విషయంలో తల్లిదండ్రులు వేరు కాబట్టి ఆ ఆధారం దొరకదు, భూస్థాపనల్లోనే వెతకాలి.

మీ థామస్ వయసుల సంగతి చూద్దాం. 1858లో 70 అంటే 1787 లేదా 1788. 1851లో 63 అని రాశారు, అదీ అక్కడికే వస్తుంది. 1841లో 50 అని ఉంది కదా, అది చూసి కంగారు పడొద్దు. ఆ ఏడాది పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును ఐదేళ్ల లెక్కకు తగ్గించి రాయమన్నారు. 50 అంటే 50 నుంచి 54 వరకు ఎంతైనా కావచ్చు. పైకి చూస్తే 1787వాడే సరిపోతున్నాడు. కానీ ఇవి మనుషులు నోటితో చెప్పిన వయసులు. చదువురాని కూలీకి తన వయసు రెండు మూడేళ్లు అటూఇటూగానే తెలిసేది. డెత్ సర్టిఫికెట్‌లో వయసు చెప్పింది అతను కూడా కాదు.

రెండోవాడి వైపు మొగ్గే సూచన మీరు పంపిన వివరాల్లోనే ఉంది. మీ థామస్ పిల్లల వరుస జాన్, మేరీ, ఎలిజబెత్, ఆ తర్వాత విలియం. తాతా నానమ్మల పేర్లు పెట్టే అలవాటు వాళ్లకూ ఉండేది. మొదటి ఇద్దరి పేర్లూ 1790 థామస్ తల్లిదండ్రులవే. జాన్, మేరీ మరీ మామూలు పేర్లు కాబట్టి ఒక్క దీనితో ఏదీ తేలదు. తేలేదాకా ఆ వంశవృక్షాన్ని పక్కన పెట్టడానికి మాత్రం చాలు.

ఇక పని. ఒక్క మనిషి కోసం వెతకడం మానేయండి. ఆ ఊళ్లో 1750 నుంచి 1840 దాకా ఆ ఇంటిపేరుతో ఉన్న ప్రతి బాప్తిస్మం, ప్రతి పెళ్లి, ప్రతి భూస్థాపన రాసుకోండి. చిన్న పల్లె అయితే అన్నీ కలిపి నూరో నూటయాభయ్యో వరుసలు వస్తాయి. ఒక్కో దంపతులకు ఒక్కో కార్డు పెట్టి ఎవరి పిల్లల్ని వాళ్ల కింద వేయండి. తర్వాత ప్రతి భూస్థాపననూ తీసి ఏ కార్డులో ఎవరికి చెందుతుందో చూడండి. కేంబ్రిడ్జ్‌లోని జనాభా చరిత్ర పరిశోధకులు డెవన్‌లోని కోలిటన్ ఊరిని సరిగ్గా ఇలాగే కుటుంబం తర్వాత కుటుంబంగా కట్టి చూశారు. మీకు అంత పెద్ద పని అక్కర్లేదు, ఒక్క ఇంటిపేరు చాలు. కార్డులు పూర్తయ్యేసరికి కొన్ని వాటంతట అవే కనిపిస్తాయి. పిల్లల మధ్య సాధారణంగా రెండు, రెండున్నరేళ్ల ఎడం ఉంటుంది. ఎక్కడైనా ఐదేళ్ల ఖాళీ ఉంటే ఆ కుటుంబం కొన్నాళ్లు పక్క ఊళ్లో ఉండి ఉండాలి, లేదా ఒక బిడ్డ రాతలోకి ఎక్కకుండా పోయి ఉండాలి. విలియం, ఆన్‌ల కార్డులో 1787 తర్వాత ఏ ఏడాదైనా ఇంకో థామస్ కనిపిస్తే ఆ 1787 పసివాడు దాదాపుగా పోయినట్టే, ఆ వెబ్‌సైట్ చెట్టు మొదటి మెట్టు నిలవదు.

ఒక చిక్కు ముందే చెప్తాను. 1813కు ముందు భూస్థాపనల్లో వయసు చాలాసార్లు ఉండదు. పసివాడనో ఫలానావారి కుమారుడనో ఉంటే మన అదృష్టం. ఉత్త పేరే ఉంటే పోయింది తాతా మనవడా తెలియదు. 1813 జనవరి 1 నుంచి అచ్చు వేసిన ఫారాలు వచ్చాయి. అప్పటినుంచి భూస్థాపనలో వయసు, నివాసం, బాప్తిస్మంలో తండ్రి వృత్తి కూడా రాశారు. ఇద్దరు థామస్‌లూ బతికి ఉంటే మీవాడు కాని ఆ ఇంకో థామస్ కూడా 1813 తర్వాత ఎక్కడో ఒకచోట కనిపించే అవకాశం ఎక్కువ. పెళ్లిలోనో, జనాభా లెక్కల్లోనో, సమాధిలోనో. అతని జీవితం కూడా చివరిదాకా పట్టుకోండి. మీవాడు కానివాడు ఏమయ్యాడో తేలితే మీవాడెవరో సగం తేలినట్టే.

1787, 1790 అంటే ఇంకో సంగతి ఉంది. 1783 నుంచి 1794 దాకా రిజిస్టర్‌లో రాసే ప్రతి బాప్తిస్మానికీ, పెళ్లికీ, భూస్థాపనకూ మూడు పెన్నీల పన్ను ఉండేది. నిరుపేదలకు మినహాయింపు. వాళ్ల పేరు పక్కన చాలాచోట్ల పి అనే అక్షరం కనిపిస్తుంది. అసలు పేజీ చూస్తే ఇద్దరు థామస్‌లలో ఎవరి ఇంట్లో డబ్బుందో ఆ ఒక్క అక్షరం చెప్పవచ్చు. పన్ను పోయేదాకా బాప్తిస్మం వాయిదా వేసుకున్నవాళ్లూ ఉన్నారు. అందుకని 1794 తర్వాత ఒకే రోజు ముగ్గురు నలుగురు పిల్లలకు బాప్తిస్మం ఇచ్చిన కుటుంబాలను కూడా చూడండి. అక్కడ మూడో థామస్ దొరికినా ఆశ్చర్యపోకండి.

అందుకే అసలు పేజీ చూడాలని పట్టుబడతాను. వెబ్‌సైట్‌లో టైపు చేసిన జాబితాలో ఈ పి ఉండకపోవచ్చు, పసివాడు అనే మాట ఉండకపోవచ్చు, మార్జిన్‌లో చర్చి గురువు రాసుకున్న ముక్క అసలే ఉండదు. డార్సెట్ ఓపీసీ అనే వాలంటీర్ల సైట్‌లో ఊరివారీగా ఉచితంగా వెతకవచ్చు. ఫ్రీరెగ్, ఫ్యామిలీసెర్చ్ కూడా ఉచితమే. అవి దారి చూపించడానికి. పేజీ ఫొటోలు డార్సెట్‌వి యాన్‌సెస్ట్రీ అనే చందా సైట్‌లో ఉన్నాయి. చందా కట్టలేకపోతే ఇక్కడ చాలా పబ్లిక్ లైబ్రరీల్లో అది ఉచితంగా చూసుకోవచ్చు. ఇంగ్లండ్ వస్తే డార్చెస్టర్‌లోని డార్సెట్ హిస్టరీ సెంటర్‌కు తప్పకుండా వెళ్లండి.

ఈ రిజిస్టర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో రెండు ముక్కలు. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లోనూ వారం వారం జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు రాయాలని ఆజ్ఞ ఇచ్చాడు. పారిష్ అంటే మన కథోలికులు విచారణ అనేది, ఒక గురువు కింద ఉండే ప్రాంతం. పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో పెట్టాలన్నారు. కొత్త పన్ను వేయడానికే ఈ రాతలని జనం భయపడ్డారు కూడా. మొదట్లో విడి కాగితాల మీదో కాగితపు పుస్తకాల్లోనో రాసినవాటిని తోలు కాగితం మీదికి ఎక్కించమని 1598లో చెప్పారు. చాలామంది ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన 1558 నుంచే ఎక్కించి అంతకుముందువి వదిలేశారు. అందుకే ఎన్నో ఊళ్ల రిజిస్టర్లు 1558లో మొదలవుతాయి. అదే 1598 ఆజ్ఞతో ఏటా ఒక నకలు బిషప్‌కు పంపడం మొదలైంది. అసలు పుస్తకం ఎలుకలు కొట్టేసినా, తడిసి పాడైనా ఈ నకలు ఆదుకుంటుంది. డార్సెట్‌కు ఇక్కడ ఒక దెబ్బ తగిలింది. 1731లో బ్లాండ్‌ఫర్డ్ పట్టణం కాలిపోయినప్పుడు అక్కడ దాచిన చర్చి కోర్టు కాగితాల్లో, వీలునామాలతో సహా, చాలా భాగం బూడిదైంది. 1731కు ముందు వీలునామాలు దొరకకపోతే మీ వెతుకులాటలో లోపమనుకోకండి. 1642లో మొదలైన అంతర్యుద్ధం నుంచి 1660 దాకా కూడా చాలా పుస్తకాల్లో ఖాళీలే. ఆ వెబ్‌సైట్ చెట్టు 1640 నుంచి 1660 వరకు ఎక్కడా తడబడకుండా నడిచిందంటే, ఆ ఇరవై ఏళ్లకు ఏ పేజీ చూశారని వాళ్లను అడగండి.

1752కు ముందు తేదీల దగ్గర అందరూ ఒకసారి తప్పు చేస్తారు. మనకు ఉగాదితో సంవత్సరం మారినట్టు, ఇంగ్లండ్‌లో అప్పటిదాకా మార్చి 25న సంవత్సరం మారేది. 1720 ఏప్రిల్‌లో పెళ్లి, 1720 ఫిబ్రవరిలో బాప్తిస్మం అని కనిపిస్తే పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్టు కాదు. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1721, పెళ్లయిన పది నెలలకు. మీ నోట్సులో 1720/21 అని రెండూ వేసుకోండి.

1733 దాకా కొందరు గురువులు లాటిన్‌లో రాశారు. భయపడాల్సింది లేదు, పది మాటలు తెలిస్తే చాలు. ఫిలియుస్ కొడుకు, ఫిలియా కూతురు, సెపుల్టుస్ అంటే పూడ్చబడ్డాడు. యాకోబుస్ అంటే జేమ్స్. మన తెలుగు బైబిల్లో కూడా ఆయన యాకోబే కదా. గులియెల్ముస్ అంటే విలియం. చేతిరాత దీనికంటే కష్టం. 1700ల రాతలో ఎస్ పొడుగ్గా ఎఫ్‌లా ఉంటుంది. 1600ల తొలి భాగానికి, అంతకంటే వెనక్కి వెళ్తే సి మన కంటికి ఆర్‌లా, ఈ తిరగేసినట్టుగా కనిపిస్తాయి. అదే గురువు రాసిన నెలల పేర్లు, జాన్, మేరీ లాంటి తెలిసిన పేర్లు చూసి అతని అక్షరాలు ఒక కాగితం మీద గీసుకోండి. ఒక అరగంటలో కన్ను అలవాటు పడుతుంది.

1754 మార్చి 25 నుంచి పెళ్లిళ్లకు వేరే పుస్తకం, సాక్షుల సంతకాలు వచ్చాయి. మీ థామస్ 1813 పెళ్లి పేజీ మీద అతను ఇంటూ గుర్తు పెట్టాడని రాశారు. సాక్షులెవరో మాత్రం రాయలేదు. వెంటనే చూడండి. ఒక సాక్షి అన్ని పెళ్లిళ్లలోనూ కనిపిస్తే అతను చర్చి గుమాస్తా, వదిలేయండి. రెండో సాక్షి తరచుగా అన్నో, చెల్లో, బావో అవుతారు. ఆ పేరు మీ రెండు కార్డుల్లో ఏదో ఒకదానిలో తగిలితే అంతకంటే మంచి ఆధారం దొరకడం కష్టం. మూడు ఆదివారాలు చదివిన పెళ్లి ప్రకటనల పుస్తకం మిగిలి ఉంటే అదీ చూడండి. వేరే ఊరివాడైతే ఆ ఊరి పేరు అందులో ఉంటుంది.

ఊరి రిజిస్టర్ నోరు విప్పకపోతే పేదల కాగితాల దగ్గరికి వెళ్లండి. నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఇవే. 1662 చట్టం ప్రకారం ప్రతి పేదవాడికీ ఒక సొంత పారిష్ ఉండాలి, కష్టమొస్తే తిండి పెట్టాల్సింది అదే. ఎవరైనా జబ్బుపడో పని దొరక్కో చెయ్యి చాస్తే, ఇతను మా ఊరివాడు కాదు అనడానికి పెద్దలు అతన్ని ఇద్దరు మేజిస్ట్రేట్‌ల ముందు నిలబెట్టేవారు. ఎక్కడ పుట్టావు, తండ్రి ఎక్కడివాడు, ఏ రైతు దగ్గర ఏడాదిపాటు జీతానికి ఉన్నావు, ఎవరిని ఎక్కడ పెళ్లి చేసుకున్నావు, పిల్లలెందరు అని అడిగి రాసేవారు. సంతకం రాని కూలీ జీవితం మొత్తం ఒక పేజీలో అతని నోటి మాటగా దొరుకుతుంది. ఏ రాజు చరిత్రలోనూ ఇంత దగ్గరగా మనిషి గొంతు వినపడదు. తండ్రి పేరు రాయని బిడ్డల తండ్రులు కూడా ఈ కట్టల్లోనే దొరుకుతారు, ఎందుకంటే బిడ్డ ఖర్చు ఊరి మీద పడకుండా అతని చేత బాండు రాయించుకునేవారు. డార్సెట్‌వి యాన్‌సెస్ట్రీలో కూడా ఉన్నాయి. మీ థామస్ తండ్రి విలియం అయినా జాన్ అయినా, కూలీ కుటుంబం కాబట్టి ఆ పేర్లు ఇక్కడ తగిలే అవకాశం బాగా ఉంది. దానితోపాటు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న చుట్టుపక్కల ఊళ్ల రిజిస్టర్లు, చాపెల్‌కు, అంటే ప్రభుత్వ చర్చికి చెందని క్రైస్తవుల ప్రార్థన మందిరానికి, వెళ్లే కుటుంబమైతే వాళ్ల విడి రిజిస్టర్లు చూడాలి. చాపెల్ పుస్తకాల్లో చాలా భాగం ఇప్పుడు లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

మీ అత్తగారికి 1640 సంగతి ఇప్పటికే చెప్పేశానని టెన్షన్ పడుతున్నారు. ప్రస్తుతానికి 1813 పెళ్లి దాకా గట్టిగా ఉంది, ఆ పైన ఇంకా చూస్తున్నానని చెప్పండి. ఈ వారం మూడు పనులు చేయండి. ఆ ఊరి భూస్థాపనలు 1787 నుంచి 1812 దాకా ప్రతి పేజీ చదవండి, వెతికే బాక్సులో పేరు కొట్టకుండా కళ్లతో. 1813 పెళ్లి సాక్షుల పేర్లు రాసుకోండి. రెండో థామస్ ఎక్కడ, ఏ వయసులో పోయాడో పట్టుకోండి. పెళ్లి పేజీ ఫొటో ఇక్కడ పెడితే ఆ సాక్షుల రాత నేను చదివి పెడతాను.